థాయ్‌లాండ్‌లో స్కూల్ మారుతున్నా: వీసా, వర్క్ పర్మిట్ మధ్యలో తెగకుండా ఎలా?

నల్గొండ_ఖ్రూ:

అందరికీ నమస్తే. నేను ఖోన్ కెన్‌లో ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్తున్నాను. ఏజెన్సీ ద్వారా వచ్చా, ఇది రెండో సంవత్సరం. ఓయూలో ఎంఏ ఇంగ్లిష్, బీఎడ్. భార్య, నాలుగేళ్ల పాప డిపెండెంట్ వీసా మీద నాతోనే ఉంటున్నారు. జీతం 22 వేల బాట్లు, ఏప్రిల్‌లో సెలవులని సగమే ఇస్తారు. ఇప్పుడు చోన్‌బురిలో ఒక ప్రైవేట్ స్కూల్ 32 వేలు, పన్నెండు నెలలూ పూర్తి జీతం ఇస్తామంది. ఇంటర్వ్యూ అయింది, ఆఫర్ మెయిల్ కూడా వచ్చింది, మే మధ్యలో టర్మ్ మొదలయ్యేసరికి చేరమన్నారు. ఇక్కడ టర్మ్ మార్చిలో అయిపోతుంది కాబట్టి పిల్లల చదువుకి ఇబ్బంది లేకుండా మార్చి 31న మానేద్దామని అనుకుంటున్నా, కానీ ఏజెన్సీతో కాంట్రాక్ట్ ఆగస్ట్ 15 దాకా ఉంది, పాస్‌పోర్ట్‌లో స్టాంప్ కూడా అదే తేదీ దాకా ఉంది.

టెన్షన్ ఎక్కడంటే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తున్నారు. నాతో పనిచేసే ఫిలిప్పీన్స్ సార్ స్టాంప్ ఉన్నంతకాలం ఎవరూ ఏమీ అనరు, మార్చిలో మానేసి తీరిగ్గా కొత్త కాగితాలు చేసుకో అంటున్నాడు. ఏజెంట్ ఆవిడేమో మానేసిన రోజే వీసా పోతుంది, ఇమ్మిగ్రేషన్‌లో బ్లాక్‌లిస్ట్ చేయిస్తా, కాంట్రాక్ట్ మధ్యలో వదిలినందుకు 20 వేల బాట్లు కట్టాలి అంటోంది. నా ఒరిజినల్ డిగ్రీ, బీఎడ్ సర్టిఫికెట్ కూడా ఆవిడ దగ్గరే ఉన్నాయి, వచ్చిన కొత్తలో వెరిఫికేషన్‌కని తీసుకుంది, మళ్లీ ఇవ్వలేదు. కొత్త స్కూల్ హెచ్‌ఆర్ ఇంకోటి చెప్తున్నారు, మీ ఇండియన్స్‌కి వీసా లేకుండా రానిస్తున్నారు కదా, ఒకసారి లావోస్ దాటి మళ్లీ లోపలికి వచ్చి క్లాసులు మొదలుపెట్టండి, పర్మిట్ సంగతి తర్వాత చూద్దాం అని.

ఒక్కడినే అయితే ఏదో ఒకటి చేసేవాణ్ణి. పాపకి ఇక్కడ నర్సరీలో స్నేహితులు కూడా అయ్యారు, ఏ చిన్న తేడా వచ్చినా ముగ్గురం ఇబ్బంది పడతాం. ఇది దాటి వచ్చినవాళ్లు ఎవరైనా దయచేసి వివరంగా చెప్పండి.

బాంగ్‌సేన్_మాస్టారు:

తమ్ముడూ, ఏజెంట్ చెప్పినవాటిలో ఒక్క మాట నిజం, మిగతాది బెదిరింపు. నిజమైన మాట ఏంటంటే, ఆగస్ట్ 15 అన్న తేదీ ఆ ఉద్యోగం ఉన్నంత వరకే చెల్లుతుంది. నువ్వు మొదట నాన్ ఇమ్మిగ్రెంట్ బి వీసా మీద వచ్చావు, దిగినప్పుడు 90 రోజులు ఇచ్చారు, తర్వాత ఇమ్మిగ్రేషన్‌లో 1,900 బాట్లు కట్టి ఏడాది పొడిగించుకున్నావు. ఆ పొడిగింపు నీకు ఇచ్చింది ఫలానా యజమాని దగ్గర ఫలానా పని చేస్తున్నావు అన్న కారణం మీద. ఆ పని ఆగిన రోజునే ఉండే అనుమతి కూడా ఆగిపోతుంది. కొన్ని దేశాల్లో ఉన్నట్టు నెల, రెండు నెలలు వేరే ఉద్యోగం వెతుక్కోమని ఇచ్చే గడువు ఇక్కడ లేదు. చివరి రోజు ఇమ్మిగ్రేషన్‌కి వెళ్లి రద్దు చేయించుకుని, మరో 1,900 కట్టి అడిగితే సర్దుకుని వెళ్లడానికి ఏడు రోజులు ఇస్తారు, అంతే.

మరి మీ ఫిలిప్పీన్స్ సార్ అలా ఎందుకు అంటున్నాడంటే, చాలా ఏజెన్సీలు మనిషి మానేసినా లేబర్ ఆఫీసుకి వెంటనే చెప్పవు. చట్టం ప్రకారం 15 రోజుల్లో చెప్పాలి. చెప్పని రోజుల్లో ఏమీ జరగనట్టే ఉంటుంది. కొత్త స్కూల్ నీ పేరు మీద దరఖాస్తు పెట్టినప్పుడు పాత స్కూల్లో ఆఖరి పనిరోజు ఎప్పుడు అన్న ప్రశ్న వస్తుంది, మార్చి 31 అని కాగితంలో కనపడగానే అక్కడి నుంచి ఓవర్‌స్టే లెక్కపెడతారు. రోజుకి 500 బాట్లు, గరిష్ఠంగా 20 వేలు. డబ్బుతో పోతే పరవాలేదు, కానీ 90 రోజులు దాటితే నీ అంతట నువ్వే వెళ్లినా ఏడాది నిషేధం పడుతుంది, అదే మధ్యలో ఎక్కడైనా తనిఖీలో దొరికితే ఐదేళ్లు. పాస్‌పోర్ట్ మీద ఓవర్‌స్టే ముద్ర పడ్డాక తర్వాత ఏ దరఖాస్తు పెట్టినా దాని గురించి అడుగుతూనే ఉంటారు.

అందుకని నువ్వు చేయాల్సింది వెనక నుంచి లెక్కపెట్టుకోవడం. ముందు కొత్త స్కూల్ కాగితాలన్నీ తయారవ్వాలి. కాంట్రాక్ట్, స్కూల్ లైసెన్స్ కాపీ, ప్రైవేట్ స్కూల్ కాబట్టి విద్యాశాఖ ఆఫీసు నుంచి నిన్ను తీసుకుంటున్నట్టు లెటర్, కురుసపా (థాయ్ టీచర్ల కౌన్సిల్) ఇచ్చే టీచింగ్ పర్మిట్‌కి దరఖాస్తు. వీటిలో విద్యాశాఖ లెటర్ దగ్గరే అందరూ ఇరుక్కుంటారు, దానికి వారాలు పట్టవచ్చు. అది చేతికి వచ్చాకే రాజీనామా తేదీ వేయి. అప్పటిదాకా ఏజెంట్‌తో నోటిమాటగా కూడా ఫలానా తేదీ అని ఒప్పుకోకు.

ఇంకొకటి, నీ వర్క్ పర్మిట్ తెరిచి యజమాని అన్న చోట ఎవరి పేరు ఉందో చూడు. జీతం ఏజెన్సీ ఇస్తున్నా చాలామందికి అక్కడ స్కూల్ పేరే ఉంటుంది, ఎందుకంటే వీసాకి స్పాన్సర్ స్కూలే. అలా అయితే రద్దు కాగితాల మీద సంతకం పెట్టాల్సింది స్కూల్ డైరెక్టర్. ఏజెంట్ ఎంత అరిచినా ఆ సంతకం ఆవిడ చేతిలో ఉండదు.

హెచ్‌ఆర్ చెప్పిన దారిలో మాత్రం అస్సలు వెళ్లకు. 2024 జులైలో మనవాళ్లకి వీసా లేకుండా 60 రోజులు ఇచ్చారు, నిజమే, కానీ అది చూసి వెళ్లేవాళ్లకి. ఆ స్టాంప్ మీద క్లాసులోకి అడుగుపెడితే పర్మిట్ లేకుండా పనిచేసినట్టే. జరిమానా 5 వేల నుంచి 50 వేల బాట్లు, దేశం నుంచి పంపించేస్తారు, రెండేళ్ల దాకా వర్క్ పర్మిట్ ఇవ్వరు. స్కూల్‌కి కూడా మనిషికి 10 వేల నుంచి లక్ష దాకా పడుతుంది, అయినా వాళ్లు జరిమానా కట్టి రేపు ఇంకొకరిని పెట్టుకుంటారు. విమానం ఎక్కేది నువ్వు.

రాజమండ్రి_టీచరమ్మ:

పైన మాస్టారు చెప్పింది అక్షరాలా కరెక్ట్ అండీ. నేను ఏజెంట్ సంగతి చెప్తాను, ఎందుకంటే నేనూ ఏజెన్సీ నుంచే బయటికి వచ్చి ఇప్పుడు నేరుగా స్కూల్లో చేస్తున్నాను.

బ్లాక్‌లిస్ట్ అనేది ఏజెన్సీ చేయించగలిగేది కాదండీ. ఇమ్మిగ్రేషన్ వాళ్లు ఓవర్‌స్టేకో, నేరానికో పెడతారు తప్ప ఒక కంపెనీ ఫోన్ చేసి ఫలానా టీచర్ మానేసింది అంటే పెట్టరు. కొత్తగా వచ్చినవాళ్లకి ఇది తెలియదని ఆ మాటే వాడతారు. నాకూ అదే చెప్పారు, మా బ్యాచ్‌లో అందరికీ అదే చెప్పారు, ఒక్కరికి కూడా ఏమీ అవ్వలేదు.

20 వేల సంగతికి వస్తే, వాళ్లకి నిజంగా నష్టం జరిగిందనుకుంటే లేబర్ కోర్టుకి వెళ్లి తేల్చుకోవాలి, అంతే తప్ప మీ జీతంలోంచి వాళ్లంతట వాళ్లు కోసుకోవడానికి లేదు. ఇక్కడి కార్మిక చట్టంలో జీతంలోంచి ఏవేవి పట్టుకోవచ్చో రాసి ఉంది, కాంట్రాక్ట్ మధ్యలో వదిలినందుకు అనేది ఆ జాబితాలో లేదు. చేరేటప్పుడు డిపాజిట్ అని పట్టుకోవడం కూడా డబ్బు, ఆస్తి చూసుకునే ఉద్యోగాల్లో తప్ప కుదరదు. మాకు ఆఖరి నెల జీతం ఆపేశారు. ఇద్దరం కలిసి మా ప్రావిన్స్ లేబర్ ప్రొటెక్షన్ ఆఫీసుకి వెళ్లాం, కాంట్రాక్ట్, బ్యాంకు పాస్‌బుక్ కాపీ, లైన్ చాట్ యాప్‌లో వాళ్లు పంపిన మెసేజ్‌లు ప్రింట్ తీసి ఇచ్చాం. థాయ్ భాష వచ్చిన ఒక సహోద్యోగి తోడు వచ్చింది. ఆఫీసు నుంచి ఏజెన్సీకి ఒక పిలుపు వెళ్లిందండీ, ఆ తర్వాత డబ్బు అకౌంట్‌లో పడింది. ఫీజు ఏమీ లేదు. కార్మిక శాఖ హెల్ప్‌లైన్ 1506, ముందు దానికి చేసి అడగండి.

అయితే మీరు కూడా మీ వైపు పద్ధతిగా ఉండాలండీ. నోటీసు రాతలో ఇవ్వండి, కాంట్రాక్ట్‌లో 30 రోజులు అని ఉంటే 30 రోజులకి తక్కువ కాకుండా. మెయిల్‌లో పంపండి, లైన్‌లో కూడా పెట్టండి, వాళ్లు చూసినట్టు గుర్తు వచ్చాక స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఇప్పుడు అసలు ముఖ్యమైనది: సర్టిఫికెట్లు. రాజీనామా మాట ఎత్తకముందే అవి తెచ్చేసుకోండి. కురుసపా పర్మిట్ రెన్యూవల్‌కి ఒరిజినల్స్ చూపించాలట, స్కూల్లో అడుగుతున్నారు అని చెప్పండి, అది అబద్ధం కూడా కాదు, ఆ కాలం దగ్గరకొచ్చింది మీకు. ఆ తాత్కాలిక పర్మిట్ రెండేళ్లకే ఇస్తారు, పైగా స్కూల్ పేరుతో ముడిపడి ఉంటుంది, చోన్‌బురి స్కూల్ తమ తరఫున మళ్లీ పెట్టాల్సిందే. మీ టోయిక్ (ఇంగ్లిష్ పరీక్ష) స్కోర్ తేదీ కూడా చూసుకోండి, దానికీ రెండేళ్లే. మనం నేటివ్ స్పీకర్ లెక్కలోకి రాం కాబట్టి చాలా స్కూళ్లు 600 పైన కొత్త స్కోర్ కావాలంటాయి. ఇంత బాగా చెప్పే టీచర్ని మళ్లీ మళ్లీ పరీక్ష రాయమనడం నాకు ఒళ్లు మండుతుంది, అయినా రాయక తప్పదు. ఫిబ్రవరిలోనే రాసేయండి.

ఏజెన్సీ దగ్గర్నుంచి వచ్చేటప్పుడు 50 తవి అనే కాగితం అడిగి తీసుకోండి, మీ జీతం మీద పట్టుకున్న ట్యాక్స్ సర్టిఫికెట్ అది. కొత్త స్కూల్లో పొడిగింపు పెట్టినప్పుడు ట్యాక్స్ కాగితాలు అడుగుతారు, అప్పుడు పాత ఏజెన్సీ ఫోన్ ఎత్తదు.

మీ ఆవిడ, పాప వీసాలు మీ వీసాకి కట్టి ఉంటాయండీ. మీది ఆగిన రోజే వాళ్లవీ ఆగిపోతాయి. చాలామంది తమది రద్దు చేయించుకుని ఇంట్లోవాళ్లవి మర్చిపోతారు, కాబట్టి ఇమ్మిగ్రేషన్‌కి ముగ్గురి పాస్‌పోర్ట్‌లూ పట్టుకెళ్లండి.

విశాఖ_టు_కొరాట్:

నాది కాస్త వేరే అభిప్రాయం. ఇక్కడే ఉండి మార్చుకోవడం ఒకే ఊళ్లో అయితే బాగానే ఉంటుంది. నువ్వు ఖోన్ కెన్ ఇమ్మిగ్రేషన్‌లో రద్దు చేయించుకుని చోన్‌బురి వాళ్ల ఆఫీసులో, అంటే పట్టాయా పక్కన జోమ్‌తియెన్‌లో, కొత్తది పెట్టాలి. రెండు ఆఫీసులూ ఒకే చట్టం ప్రకారం నడిచినా కౌంటర్‌లో కూర్చున్న ఆఫీసర్ ఏ కాగితం అడుగుతాడు అన్నది ఊరికో రకంగా ఉంటుంది. ఏడు రోజుల గడువులో ఒక్క లెటర్ మీద సీల్ లేదని వెనక్కి పంపితే పెళ్లాం పిల్లలతో ఎక్కడికి వెళ్తావు? పైగా ఏప్రిల్ 13 నుంచి 15 దాకా సొంగ్‌క్రాన్, అంటే థాయ్ కొత్త సంవత్సరం పండగ, దానికి అటూ ఇటూ ఆఫీసుల్లో మనుషులు ఉండరు.

నా మాట విని మార్చి చివర్లో అన్నీ పద్ధతిగా రద్దు చేయించుకుని ఇంటికి వెళ్లిపో. ఎలాగూ సెలవులు, పాపని తాతా నానమ్మలు చూసుకుంటారు. అక్కడి నుంచి కొత్త స్కూల్ కాగితాలతో మళ్లీ నాన్ బి పెట్టుకో. 2025 జనవరి 1 నుంచి ఇండియాలో థాయ్ వీసా అంతా ఆన్‌లైన్ అయింది, మన రెండు రాష్ట్రాలూ చెన్నై కాన్సులేట్ కిందికి వస్తాయి, అక్కడికి ఫైలు పట్టుకుని వెళ్లే పని లేదు. ఆఫర్ లెటర్, స్కూల్ లైసెన్స్, విద్యాశాఖ లెటర్, డిగ్రీ, పోలీస్ క్లియరెన్స్ స్కాన్ చేసి ఎక్కించడమే. పోలీస్ క్లియరెన్స్ వెళ్లగానే పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలో పెట్టు, మీ ఊరి స్టేషన్ నుంచి వెరిఫికేషన్ రావాలి, అక్కడే ఆలస్యం అవుతుంది. భార్య, పాపకి నాన్ ఓ (కుటుంబ సభ్యుల వీసా) పెట్టాలి, మ్యారేజ్ సర్టిఫికెట్, బర్త్ సర్టిఫికెట్ విదేశాంగ శాఖ అటెస్టేషన్ ఉన్నవే మళ్లీ పనికొస్తాయి, పోగొట్టుకోకు.

కొత్త వీసా మీద దిగితే 90 రోజులు చేతిలో ఉంటాయి. ఆ లోపు వర్క్ పర్మిట్, ఆ తర్వాత ఏడాది పొడిగింపు. పాత ఏజెన్సీ గొడవ కొత్త స్టాంప్‌లోకి రాదు. ఖర్చు మూడు టికెట్లు, నిజమే. కానీ ఆ ఏడు రోజుల్లో పడే గుండెదడ కంటే అది నయం.

ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. రీ ఎంట్రీ పర్మిట్ తీసుకోకుండా దేశం దాటితే పొడిగింపు దానంతటదే పోతుంది కదా, ఇక రద్దు ఎందుకు అని కొందరు ఊరికే వెళ్లిపోతారు. ఇమ్మిగ్రేషన్ రికార్డులో పొడిగింపు పోతుంది, నిజమే. లేబర్ ఆఫీసు రికార్డులో పాత వర్క్ పర్మిట్ అలాగే బతికి ఉంటుంది, కొత్త స్కూల్ దరఖాస్తు పెట్టగానే అక్కడ ఆగిపోతుంది. 2025 అక్టోబర్ నుంచి ఈ వర్క్ పర్మిట్ పని కూడా ఆన్‌లైన్ అయింది కాబట్టి పాత ఎంట్రీ దాచుకోవడానికి కుదరదు. రద్దు అయినట్టు కాగితం చేతికి వచ్చాకే విమానం ఎక్కు.

సైతామా_నుంచి:

నేను జపాన్‌లో పనిచేస్తున్నా, మీ చర్చ చదువుతుంటే ఇక్కడి పద్ధతి రాయాలనిపించింది, ఎవరైనా దేశం ఎంచుకునే ముందు ఉన్నవాళ్లకి పనికొస్తుంది. ఇక్కడ రెసిడెన్స్ స్టేటస్ మనిషి పేరు మీదే ఉంటుంది, ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారినా కార్డు మీద తేదీ అలాగే ఉంటుంది. మానేసిన 14 రోజుల్లో ఇమ్మిగ్రేషన్‌కి తెలియజేయాలి, కొత్తచోట చేరినా అంతే, అది ఆన్‌లైన్‌లో కూడా అవుతుంది. సరైన కారణం లేకుండా మూడు నెలలకి పైగా ఆ పని చేయకుండా ఉంటే స్టేటస్ తీసేసే అధికారం వాళ్లకి ఉంది, కానీ ఆ మూడు నెలలు మాత్రం ఊపిరి ఆడుతుంది.

ఇరుక్కునేది ఎక్కడంటే, ప్రభుత్వ స్కూళ్లలో చెప్పేవాళ్లకి ఇన్‌స్ట్రక్టర్ అని ఒక స్టేటస్, ప్రైవేట్ ఇంగ్లిష్ సంభాషణ సెంటర్లలో చెప్పేవాళ్లకి స్పెషలిస్ట్ ఇన్ హ్యుమానిటీస్ అని వేరే స్టేటస్. రెండూ ఇంగ్లిష్ చెప్పడమే కదా అని ఒకదాని మీద ఇంకోదానికి వెళ్లిపోకూడదు, ముందు స్టేటస్ మార్చుకోవాలి. సాయంత్రాలు అటు రెండు క్లాసులు చెప్పాలన్నా విడిగా అనుమతి కావాలి.

థాయ్‌లాండ్‌లో ఉన్న అన్నకి ఇది నేరుగా ఉపయోగపడదు, కానీ జపాన్‌లో ఉన్న స్నేహితుడు మూడు నెలలు ఖాళీగా ఉన్నాడు, ఏమీ కాలేదు అని ఎవరైనా చెప్తే నమ్మి అక్కడ అలా చేయకండి.

నల్గొండ_ఖ్రూ:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. వర్క్ పర్మిట్ తీసి చూశాను, మాస్టారు అన్నట్టే యజమాని దగ్గర స్కూల్ పేరు ఉంది, ఏజెన్సీ పేరు ఎక్కడా లేదు. ధైర్యం చేసి మా డైరెక్టర్‌తో మాట్లాడాను, థాయ్ టీచర్ ఒకావిడ పక్కన కూర్చుని అనువాదం చేసింది. ఆయన అంతా విని, పరీక్షలు, మార్కుల నమోదు పూర్తి చేసి వెళ్లు, సంతకం నేను పెడతాను అన్నారు. ఏజెంట్ గురించి ఒక్క మాట కూడా అడగలేదు. సర్టిఫికెట్లు రేపు అడగబోతున్నా, టీచరమ్మ గారు చెప్పినట్టే.

ఇప్పుడు ఇంటికి వెళ్లి రావడమా, ఇక్కడే మార్చుకోవడమా అన్నదే తేలడం లేదు. మా ఆవిడ అయితే వెళ్దామనే అంటోంది. కొత్త స్కూల్ విద్యాశాఖ లెటర్ కోసం ఇంకా పెట్టనే లేదట, అడిగితే చూస్తాం అంటున్నారు.

బాంగ్‌సేన్_మాస్టారు:

లెటర్ ఇంకా పెట్టలేదంటే ఇక ఆలోచించక్కర్లేదు తమ్ముడూ, కొరాట్ అన్న చెప్పిన దారే పట్టు. నేను ఇక్కడే మార్చుకోవచ్చు అన్నది కాగితాలు ముందే చేతిలో ఉంటాయి అన్న లెక్క మీద. జనవరి చివరికి కూడా దరఖాస్తు పెట్టని స్కూల్ మార్చి 31కి అన్నీ సిద్ధం చేస్తుందని నేను నమ్మను. ఇంటి దగ్గర ఉంటే ఆ లెటర్ పది రోజులు ఆలస్యమైనా నీ మీద రోజుకి 500 పడదు.

హెచ్‌ఆర్‌కి ఇవాళే ఒక మెయిల్ రాయి. నాన్ బి వీసా, వర్క్ పర్మిట్ వచ్చాకే క్లాసులోకి వస్తాను, దానికి కావలసిన కాగితాలు ఏ తేదీకల్లా పంపగలరో చెప్పండి అని మర్యాదగా, సూటిగా రాయి. దానికి వాళ్లిచ్చే జవాబును బట్టి ఆ స్కూల్ ఎలాంటిదో నీకు తెలిసిపోతుంది. తేదీ చెప్పకుండా మళ్లీ అదే లావోస్ మాట ఎత్తితే 32 వేలు కాదు కదా 40 వేలు ఇచ్చినా వద్దు, మీ డైరెక్టర్ మంచివాడిలా ఉన్నాడు, ఆగస్ట్ దాకా అక్కడే ఉండి ఇంకోటి చూసుకో. నీకు బీఎడ్ ఉంది, ఇంగ్లిష్‌లో పీజీ ఉంది, ఏ డిగ్రీ ఉన్నా చాలని వచ్చేవాళ్లతో నిన్ను నువ్వు పోల్చుకోకు. జీతం మాట్లాడేటప్పుడు కూడా మనవాళ్లు నేటివ్ కాదు కదా అని ముందే తగ్గించుకుని అడుగుతారు, ఆ అలవాటు మానాలి.

చేరాక చోన్‌బురిలో ఇల్లు తీసుకుంటే ఓనర్ 24 గంటల్లో టీఎం 30 (తన ఇంట్లో విదేశీయుడు ఉంటున్నాడని ఇమ్మిగ్రేషన్‌కి తెలిపే ఫారం) నమోదు చేయాలి, అద్దె మాట్లాడేటప్పుడే చేస్తారా అని అడుగు. చేయని ఓనర్ ఇల్లు ఎంత బాగున్నా తీసుకోకు, ఆ రసీదు లేకపోతే పొడిగింపు రోజు కౌంటర్‌లో ఫైలు ముందుకి కదలదు. ప్రతి 90 రోజులకి ఇమ్మిగ్రేషన్‌కి అడ్రస్ తెలిపే రిపోర్ట్ లెక్క కూడా కొత్తగా దిగిన రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది, పాత చీటీ చూసుకుని పొరపడకు.

రాజమండ్రి_టీచరమ్మ:

సర్టిఫికెట్లు ఇచ్చిందో లేదో రాయండి. ఇవ్వకుండా నాన్చితే డైరెక్టర్ గారినే ఒక ఫోన్ చేయమనండి, మళ్లీ కాంట్రాక్ట్ ఇచ్చే స్కూల్ కదా, ఆయన మాట ఏజెన్సీ కాదనదు. దానికీ వినకపోతే నాకు ప్రైవేట్ మెసేజ్ పెట్టండి, మేము లేబర్ ఆఫీసులో ఇచ్చిన థాయ్ అర్జీ నమూనా నా దగ్గర ఉంది, పేర్లు మార్చుకుంటే సరిపోతుంది.

కరీంనగర్_సునీత:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నేను బ్యాంకాక్‌లో లాంగ్వేజ్ సెంటర్‌లో చేస్తున్నా, స్కూల్ కాదు. నాకు కూడా ఈ కురుసపా పర్మిట్ కావాలా? ఒక స్కూల్లో అవకాశం వచ్చింది.

విశాఖ_టు_కొరాట్:

లాంగ్వేజ్ సెంటర్‌లో ఉన్నంతకాలం అక్కర్లేదమ్మా. స్కూల్‌కి మారుతున్నావంటే కావాలి, మొదటిసారి కాబట్టి డిగ్రీ వెరిఫికేషన్ నుంచి అన్నీ కొత్తగా చేయాలి, అందుకే స్కూల్ టు స్కూల్ మారేవాళ్లకంటే నీకు ఎక్కువ టైమ్ పడుతుంది. డిగ్రీ ఏ యూనివర్సిటీది, విదేశాంగ శాఖ అటెస్టేషన్ అయిందా, టోయిక్ ఎప్పుడు రాశావు అన్నవి రాస్తూ విడిగా ఒక ప్రశ్న పెట్టు, అక్కడ మాట్లాడుకుందాం.